ఎదురు రాకూడని మనిషిని

స్త్రీవాది అంటే ఎవరో మా అమ్మాయి కాలేజీ నుంచి తెచ్చిన పుస్తకంలోంచి నాకు చదివి వినిపించింది. సగం అర్థమైంది, సగం కాలేదు. నాకు నా పేరు రాయడం వచ్చు, బస్సు మీద నంబరు చదవడం వచ్చు, అంతే. అయితే నీకు తెలిసింది నువ్వు చెప్పు, నేను రాస్తానని కూర్చుంది. చెబుతున్నాను. ఎవరు నొచ్చుకున్నా సరే, ఉన్నదున్నట్టు రాయమన్నాను.

మాది ఆనందపురం దాటి లోపలికి వెళ్ళే పల్లె. పెళ్ళయ్యాక కంచరపాలెంలో రైలు గేటు దగ్గరి వరసిళ్ళలో కాపురం పెట్టాం. నా మొగుడు రేవులో సరుకు మోసే కలాసీ. చెడ్డవాడు కాదు. అలాగని దేవుడూ కాదు. పూర్ణా మార్కెట్‌కి వెళితే నాకోసం పొట్లం కట్టించి వేడి బజ్జీలు తెచ్చేవాడు. కోపమొస్తే చెయ్యి కూడా చేసుకునేవాడు. రెండూ నిజమే, రెండూ రాయి. పచ్చకామెర్లు వస్తే నాటుమందు మింగి పనికి పోయాడు. ఆ వారమే మంచం పట్టాడు, మరి లేవలేదు. అప్పటికి మా అమ్మాయి ఒకటో తరగతి. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందట, అందరికీ ఉద్యోగాలట అని ఊరంతా చెప్పుకుంటున్న రోజులవి. మా మరిది కూడా ఆ మాటే పట్టుకుని ఏ పనికీ పోకుండా అరుగు మీద కూర్చునేవాడు.

పెద్దకర్మ అయిన రోజు నా గాజులు తీశారు, బొట్టు తుడిచారు, నన్ను తీసుకుపోయి వెనక గదిలో మూల కూర్చోబెట్టారు. మూల అంటే ఈ కాలం వాళ్ళకి తెలియదు. ఏడాది తిరిగేదాకా ముండమోసిన మనిషి మొహం పగటి పూట ఎవరికీ కనిపించకూడదు. తెల్లారకముందే లేచి దొడ్డికి వెళ్ళి రావాలి. పనికి బయలుదేరే మగవాడికి ఎదురు పడకూడదు, ముత్తైదువ కంట పడకూడదు. కూలి చేసుకుని బతికే ఇళ్ళలో ఈ మూల లేదు. వాళ్ళు మూల కూర్చుంటే పొయ్యి వెలగదు కదా. మాకు ఊళ్ళో చిన్న భూమి చెక్క ఉంది, అందుకని పరువు ఉంది, పరువుంది కాబట్టి మూల ఉంది.

నన్ను కాపలా కాసింది మా అత్త. ఆవిడా మొగుడు పోయిన మనిషే. తనూ ఆ మూలే కూర్చుంది, పాతికేళ్ళు కూడా నిండని వయసులో. తను పడ్డది నేను పడకపోతే తను పడ్డదంతా ఊరికే పోయినట్టు ఆవిడకి. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

మూలలో కూర్చుంటే చెవులు పనిచేస్తాయి. ఒకరోజు మా అత్త, మరిది వసారాలో మాట్లాడుకోవడం విన్నాను. చచ్చిపోయినవాడి ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తారట, అది మరిదికి వస్తే వాడు పెళ్ళి చేసుకుంటాడు, వదినకి ఇంత ముద్ద పెడతాడు. ఇక పిల్ల ఎందుకు దండగ, ఊళ్ళో ఆడపడుచు ఇంటికి పంపేస్తే ఆమె చంటివాణ్ణి ఆడించుకుంటూ పడి ఉంటుంది. బడి మాట ఎవరూ అనలేదు. అసలు దానికి బడి ఒకటుందని వాళ్ళకి గుర్తే లేదు.

నా సంగతి నేను ఓర్చుకునేదాన్నేమో. పిల్ల పలక సంచీ తగిలించుకుని పొద్దున్నే గుమ్మం దాటుతుంటే మూలలోంచి దాని వీపు ఒక్కటే కనిపించేది నాకు. ఆ వీపు కూడా కనిపించకుండా పోతుందని ఆవేళ తెలిసింది.

మా పక్క వాటాలో గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారు. ఆ ఇంటాయనదీ రేవులోనే పని. ఆవిడ ముత్తైదువ, నా మొహం చూడకూడదు. అందుకని పెరటి గోడకి అటు నిలబడి, నాకు కనపడకుండా, బట్టలు ఉతుకుతున్నట్టు గట్టిగా బండకేసి బాదుతూ నాతో మాట్లాడేది. ఆవిడే చెప్పింది.

"మా ఆయన కనుక్కొచ్చారు. పెళ్ళాం స్వయంగా ఆఫీసుకొచ్చి నోటితో చెప్పాలంట. నువ్వెవరి పేరు చెబితే వాళ్ళకేనంట. బాగా ఆలోచించుకో అమ్మాయ్."

తరవాత మళ్ళీ బాదుడు. అప్పటిదాకా ఆ ఉద్యోగం నాకు కూడా రావచ్చని నాకు తట్టనే లేదు. చిన్నప్పుడు వరి కోశాను, గెడ్డ నీళ్ళు దాటి కట్టెలు మోశాను. పని నాకు కొత్త కాదు. కానీ నా మొగుడిది ఉద్యోగం. అది మగవాడి వస్తువు అనుకున్నాను, పంచెలాగా, చొక్కాలాగా.

ఆఫీసు నుంచి అదే మాట మా వాళ్ళకీ అందేసరికి చిక్కు వచ్చి పడింది. నన్ను పగలు బయటికి తీస్తే ఆచారం పోతుంది. తీయకపోతే ఉద్యోగం పోతుంది. రాత్రి తీసుకెళదామంటే ఆఫీసు రాత్రి ఉండదు. రెండు రోజులు తల పట్టుకున్నారు. చివరికి ఆచారానికే గుడ్డ కట్టారు. అంటే రిక్షా ముందు దుప్పటి కట్టి, నన్ను అందులో మూటలా కూర్చోబెట్టి, సందుల్లోంచి తీసుకెళ్ళాలని తేల్చారు.

బయలుదేరే ముందు మరిది తలుపవతల నిలబడి నాకు పాఠం చెప్పాడు. "వొదినా, నువ్వేటీ బయపడకు. ఆ బాబు అడిగితే, మా మరిదికి ఇప్పించండని ఒక్క ముక్క సెప్పీ. మిగతాది నాను సూసుకుంటాను."

నేను ఊఁ అనలేదు, ఊహూ అనలేదు. మూల కూర్చున్నదాని మౌనం ఒప్పుకోలు కిందే లెక్క.

ఇక్కడ జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మరిది నా వెంట రిక్షాలో ఎక్కలేదు. మంచి పని మీద వెళుతూ నాతో కలిసి వెళితే పని చెడుతుందట. సైకిలు మీద వేరే దారిలో వెళ్ళాడు. మా అత్త కూడా రాలేదు. కొడుకు శుభానికి పోతుంటే ఇద్దరు మొగుడు పోయినవాళ్ళు ముందు నడవడమా అని ఆవిడే వెనక్కి తగ్గింది. ఆఫీసు మెట్ల దగ్గర దిగి చూస్తే మా మరిది వేపచెట్టు కింద నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. నేను లోపలికి వెళ్ళి, పని ముగించుకుని, రిక్షా ఎక్కి, దుప్పటి దించుకున్నాకే వాడు తిరిగి, లోపలికి వెళ్ళి, ఉద్యోగం అందుకుంటాడన్నమాట.

అలా నన్ను ఒంటరిగా పంపారు. నా మొహానికి భయపడి నా నోటిని వదిలేశారు.

ఆఫీసరు బల్ల వెనక కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. ముసుగు తీయమనలేదు, నేనే తీశాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఉలిక్కిపడలేదు, మొహం తిప్పుకోలేదు. మూలలో అన్నాళ్ళు కూర్చున్నాక ఒక మనిషి నా మొహం కేసి మామూలుగా చూడడం ఎంత వింతగా ఉందో చెప్పలేను. ఎవరికమ్మా అని అడిగాడు.

"నాకే ఇప్పించండి బాబూ. నాను సేత్తాను."

"నువ్వు చేయగలవా? గోడౌన్లో ఊడ్చే పని ఉంటుంది. ఎరువు బస్తాల దుమ్ము. ఇంట్లో వాళ్ళు ఒప్పుకున్నారా?"

"మొగుడు నాకు పోనాడు. ఆళ్ళని అడగడం ఏటి బాబూ?"

ఆయన నవ్వలేదు, మెచ్చుకోలేదు. నేను చెప్పింది రాసుకుని, అప్పటికి నాకు సంతకం రాదు కాబట్టి వేలిముద్ర వేయించుకుని, వెళ్ళమన్నాడు. అంతే. నేను మెట్లు దిగి రిక్షా ఎక్కాను. దుప్పటి మాత్రం దించుకోలేదు. రిక్షా అబ్బి దించబోతే వద్దన్నాను.

మరిది లోపలికి వెళ్ళి వచ్చేసరికి నేను సగం దారిలో ఉన్నాను. మెయిన్ రోడ్డు మీదే పోనిమ్మన్నాను. ఎండ మొహం మీద పడుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఏడుపు కాదు. వెలుగు అలవాటు తప్పింది.

ఇంట్లో జరిగిన రభస అంతా రాయించను. మరిది పళ్ళేలు విసిరాడు, వాడి సైకిలు వాడే తన్నాడు. మా అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుని నేలకి చేతులు బాదుకుంది.

"నీ జిమ్మడ. నా కొడుకుని మింగీసినావు, ఆడి ఉజ్జోగం కూడా మింగీసినావు. రేపు ఏ మొకం ఎట్టుకుని ఈది మీదకి ఎల్తావే?"

"ఉన్నది ఒకటే మొకం. అదెట్టుకునే ఎల్తాను," అన్నాను. "నువ్వు పెట్టిన మూల నీకే ఉంచీ అత్తా. నా గుంట బడికే ఎల్తాది. ఊరికి ఎల్లదు."

ఆవిడ నన్ను కొట్టలేదు. పెళ్ళయినప్పటినుంచి ఆవిడకి నేను బదులు చెప్పడం అదే మొదలు. మరిది కొన్నాళ్ళు అలిగి ఊరెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం వెళ్ళలేదు. నాతో మాట్లాడకుండా నా ఇంట్లోనే ఉంది. నేను తెచ్చిన బియ్యం వండుకునే తింది. తినొద్దా మరి? ఆవిణ్ణి తీసుకెళ్ళి ఎక్కడ పారేస్తాను?

పనిలో చేరిన రోజు తెల్లవారుజామునే సందుల్లోంచి వెళ్ళిపొమ్మని అందరూ చెప్పారు. గోడ అవతలి ఆవిడ కూడా అదే చెప్పింది, నా మంచికే. వినలేదు. షిఫ్టుకి అందరూ వెళ్ళే వేళకే, అందరూ వెళ్ళే దారిలోనే వెళ్ళాను. సైకిళ్ళకి క్యారియర్లు తగిలించుకుని వస్తున్న మగవాళ్ళు నన్ను చూసి కాలు కింద ఆన్చారు. ఒకడు ఉమ్మేశాడు. కొందరు ఇంటికి వెనక్కి తిరిగి, గ్లాసుడు నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరారని తరవాత తెలిసింది. మర్నాడూ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. వాళ్ళు రోజూ ఇంటికి తిరిగి వెళ్ళి నీళ్ళు తాగుతూ కూర్చుంటే సైరన్ ఆగుతుందా? నా మొహమా, ఆలస్యానికి కోసే సగం పూట జీతమా అన్నచోటికి వచ్చింది వ్యవహారం.

ఇదే నాకు తెలిసిన స్త్రీవాదం. పుస్తకంలో ఇంకా చాలా ఉందట, ఉండనీ. నాకు రావలసింది నా నోటితో అడిగాను. తెచ్చుకున్నాక దాక్కోలేదు.

ఒక పొద్దున రైలు గేటు పడింది. బొగ్గు బండి ఎంతకీ కదలదు. గేటుకి ఇవతల మా షిఫ్టు వాళ్ళం, అవతల రాత్రి డ్యూటీ దిగి వస్తున్నవాళ్ళు. నేను గేటు కర్ర ఆనుకుని అందరికన్నా ముందు నిలబడ్డాను. బండి వెళ్ళిపోయి గేటు లేచేసరికి ఎదురుగా సైకిలు పట్టుకుని మా వీధి చివర ఇంటాయన. చేతిలో కొబ్బరికాయలూ అరటిపళ్ళూ ఉన్న సంచీ.

"తప్పుకోమ్మా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "శుభం మీద ఎల్తన్నాను."

"నాను పని మీద ఎల్తన్నాను. నువ్వే తప్పుకో అన్నా."

వెనకనుంచి ఒకటే బెల్లులు, తిట్లు. రేవు వైపు సైరన్ మోగింది. ఆయన ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, సైకిలు హ్యాండిలు పక్కకి తిప్పాడు. నేను పట్టాలు దాటి వెళ్ళిపోయాను.