నేను మూసేసిన టాపు

పాత కారుకు టాపు గట్టి రేకుదే ఉండాలి. ఈ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. గల్ఫ్‌లో, అజ్మాన్ ఇండస్ట్రియల్ ఏరియాలో కార్ల సొట్టలు తీసే డెంటింగ్ పని చేసిన ఆరేళ్లలో, తీసి పెట్టుకునే అద్దాల టాపులు నా చేతి కిందికి చాలానే వచ్చాయి. ఒక్కటీ బుద్ధిగా ఉన్నది లేదు. గతుకు వస్తే గలగలమంటాయి, వాన వస్తే కారతాయి, ఎండకు రబ్బరు పెళుసెక్కి చేతిలోకి ఊడి వస్తుంది. పనిలో నా మాట తప్పు కాలేదు. కానీ ఆ ఒక్క కారుకు నేను చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు.

మా గ్యారేజీలో సీట్లు కుట్టే అన్న ఒకాయన ఉండేవాడు. కడప వైపు సాయిబు, నాకన్నా పదేళ్లు పెద్ద. నాది కరీంనగర్ వైపు. ఇద్దరివీ ఒకే గదిలో పక్కపక్క మంచాలు. రెండు వేల నాలుగులో, శుక్రవారాలు తిరగడానికి ఇద్దరం కలిసి ఒక పాత బండి కొందామనుకున్నాం. యార్డులో ఒకే మోడల్‌వి రెండున్నాయి, రెండు తలుపుల పాత జపాన్ కార్లు. ఒకదానికి రేకు టాపు. రెండోదానికి డ్రైవర్ నెత్తి మీద ఒకటి, పక్క సీటు మీద ఒకటి, రెండు అద్దాల పలకలు. గొళ్లెం తిప్పి ఎత్తితే ఊడి వస్తాయి.

"రేకుదే తీస్కుందామన్నా. గీ అద్దాలతోని రోజూ పంచాయితే," అన్నాను.

"లేదబ్బా, ఇదే కావల్ల."

"ఎందుకో చెప్పరాదు?"

"ఊరికెనే. పైన ఆకాశం కనపడతాది గదా."

"పొద్దంతా ఎండల మాడుతున్నది సాలదా అన్నా?" అని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చివరికి ఆయన పట్టే నెగ్గింది.

కారు వచ్చిన నెలకే మెరూన్ మఖమల్‌తో సీట్లు కుట్టాడు. ప్రతి శుక్రవారం కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చి, టాపు చుట్టూ ఉన్న రబ్బరుకు ఒళ్లంతా పట్టించేవాడు. నూనె రాస్తే మెత్తగా ఉంటుందని ఆయన నమ్మకం. "అది రబ్బరన్నా, జుట్టు కాదు," అని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ నూనెకు ఎడారి దుమ్ము అతుక్కుంది. రబ్బరు ఉబ్బి, వదులై, చీలింది. చలికాలంలో పడ్డ మొదటి వానకే మఖమల్ సీట్లు నీళ్లు తాగాయి. "నేను చెప్పలేదా" అని ఆయన్ను రెండు రోజులు సతాయించాను. నా నోరు అట్లాంటిది.

ఆ తర్వాత ఆయన సెలవు మీద ఊరికి వెళ్లాడు. ఇంకో వారంలో వస్తాడనగా ఫోన్ చేశాడు. "మీ వదినను గూడా తెస్తాండా, విజిట్ వీసా మీద. ఒక నెల ఉంటాది. ఎయిర్‌పోర్టుకు కారు తీసుకురా." సిగ్గుపడుతూ అన్నాడు: "సముద్రం చూపించల్ల. ఒడ్డెంబడే ఉమ్ అల్ క్వైన్ దాకా తిప్పల్ల."

నాకు ఒకటే చింత పట్టుకుంది. పెళ్లైన పదహారేళ్లకు మొదటిసారి వస్తున్న మనిషిని తడిసిన సీటులో కూర్చోబెడతామా? కొత్త రబ్బరు కోసం షార్జా దాకా వెతికాను, ఆ మోడల్‌కు ఎక్కడా దొరకలేదు. సరే, మనకు చేతనైన పని మనం చేద్దామనుకున్నాను. తుక్కు కారు టాపు నుంచి రేకు కోసి, గొళ్లేలు గ్రైండర్‌తో లేపేసి, ఆ రెండు కంతలూ వెల్డింగ్‌తో మూసేశాను. పుట్టీ పెట్టి రంగు కొట్టాక అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు. అద్దాలు రెండూ తెచ్చి అన్న మంచం కింద పెట్టాను. నా జన్మలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకోటి లేదు.

ఎయిర్‌పోర్టు బయట అన్న కారు చుట్టూ తిరిగాడు. టాపు మీద చెయ్యి పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు తడిమాడు.

"పని బాగుందబ్బా," అన్నాడు. అంతే.

వదిన సన్నటి మనిషి. విమానంలోనే సగం ప్రాణం పోయినట్టుంది. ముందు సీట్లో కూర్చోబెట్టి, కిటికీలు దించి, నేనే నడిపాను. రెండు సిగ్నళ్లు దాటలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపాను. మళ్లీ ఆపాను. మూడోసారి దిగి రోడ్డు పక్కన కూలబడింది.

"నాయనా, నడిచి పోలేమా?" అని అడిగింది.

అన్న నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "ఆమెకు మూసిన బండి పడదు. బస్సెక్కినా ఇంతే. నెత్తిన ఆకాశం కనపడితే ఏమీ గాదు, ట్రాక్టర్ ట్రాలీలో ఎంత దూరమైనా పోతాది."

నేను మూసేసిన టాపు వైపు చూశాను. "గిది ముందుగాల చెప్పకపోతివి అన్నా!"

"గదిలో అందరి ముందర ఇంటామె సంగతి చెప్పేదెట్లబ్బా?"

నిజమే. ఎనిమిది మంది మగవాళ్లం ఉన్న గదిలో ఎవరూ భార్య మాట ఎత్తేవాళ్లం కాదు. జీతాల గురించీ, గ్యారేజీ మేనేజరు ముదీర్ గురించీ ఎంతైనా మాట్లాడుకునేవాళ్లం. భార్యల గురించి అడగడం మర్యాద కాదు, చెప్పడం అంతకన్నా కాదు. ఆ మర్యాదే ఆమె కొంప ముంచింది.

ఆగుతూ ఆగుతూ ఎట్లాగో ఆమెను ఇల్లు చేర్చాం. మర్నాడే, టాపు మళ్లీ కోస్తానని ముదీర్‌ను అడిగాను. "ఖలాస్! చేతిలో ఉన్న పనులు చూడు," అని గదిమాడు. అన్న కూడా వద్దన్నాడు. "వచ్చే ఏడు మళ్లా వస్తాది గదా, అప్పుడు కోద్దాంలే."

ఆ నెల ఇద్దరూ బంధువుల ఇంట్లో అద్దె గదిలో ఉన్నారు. వదిన చూసిన గల్ఫ్ అంతా ఆమె నడవగలిగినంత మేరే: రెండు వీధులు, ఒక కిరాణా కొట్టు. సముద్రం చూడలేదు. ఆమె వెళ్లిపోయాక అన్న మా గదికి తిరిగొచ్చి, తన వెంట తీసుకెళ్లిన అద్దాలను మళ్లీ మంచం కిందికి తోశాడు.

వచ్చే ఏడు రాలేదు. ఆరు నెలలకు కబురొచ్చింది. నాలుగు రోజుల జ్వరానికే వదిన పోయింది. అన్న పాస్‌పోర్టు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ దగ్గర ఉంది, కఫీల్ దేశంలో లేడు. మట్టి చేసే వేళకు అన్న గ్యారేజీలో ఎవరిదో సీటు కుడుతున్నాడు.

మూడో రోజు నేను పని నుంచి వచ్చేసరికి ఆయన అద్దాలు బయటికి లాగి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రెంటికీ పాత చీరల బొంతతో గలీబులు, చేత్తో కుట్టినవి. ఒకదాని మూలకు ఎర్ర గుడ్డముక్క, ఇంకోదానికి పచ్చది.

"ఆ నెలంతా కూచోని కుట్టిందబ్బా. మళ్లా వచ్చినప్పుడు తీసి పెట్టేటప్పుడు గీతలు పడగూడదంట. ఎర్రది నా పక్కది, పచ్చది ఆమె పక్కది."

నేను ఏడ్చాను. "రేపే కోస్తన్నా. ముదీర్ ఏమన్న అనుకోనీ."

"ఇంగ ఎవురికబ్బా?" అన్నాడు.

రెండు వేల ఎనిమిదిలో అన్న ఊరికి వెళ్లిపోయాడు. గలీబులు మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు, అద్దాలు మంచం కిందే వదిలేశాడు. కారు నేనే అమ్మాను. కొనడానికి వచ్చినాయన టాపు మీద రెండుసార్లు తట్టి చూసి, ఇంత పాత బండికి టాపు ఎంత గట్టిగా ఉందో అని మురిసిపోయాడు. ఎవరు చేశారని అడిగాడు. నేను చేశానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.