మేస్త్రీగారి పెన్సిలు చెవి

నలభై మూడేళ్లలో పదకొండు వందల పైచిలుకు ఇళ్లకు పైకప్పు వేసిన మనిషి ఆయన. బడి కప్పు ఆయనదే, పిండిమిల్లు కప్పు ఆయనదే, రైల్వే స్టేషను మీద వంపు తిరిగిన ఎర్రపెంకుల కప్పూ ఆయనదే. చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. అయినా వీధిలో నిలబడి ఒక్కసారి తలెత్తి చూసి ఎన్ని పెంకులు పడతాయో చెప్పేవారు. ఇంజనీరు లెక్క కట్టాక మూడు పెంకులు తేడా వస్తే, ఆ మూడూ ఇంజనీరు తప్పే. అందరూ మేస్త్రీగారనే పిలుస్తారు, కట్టుకున్న భార్యతో సహా.

వీటన్నిటికంటే ఆయన గొప్పగా చెప్పుకునేది ఇంకొకటి ఉంది. నెత్తిన నిప్పులు చెరిగే ఎండలో కూడా ఏనాడూ టోపీ పెట్టలేదు. “ఎండ నాకు చుట్టం. చుట్టం వస్తే తలుపు వేసుకుంటామా?” అనేవారు.

ఆ ఏడాది ఆయన కుడి చెవి పైఅంచున పెసరగింజంత పుండు లేచింది. మేస్త్రీగారు క్షణంలో కారణం తేల్చేశారు. కొలతలు గీసే పెన్సిలు ఎప్పుడూ ఆ చెవి మీదే ఉంటుంది కదా, అది ఒరుసుకుంది! పెన్సిలును ఎడమ చెవికి బదిలీ చేశారు. పుండు చెక్కు కట్టింది, రాలింది, నెత్తురు చిమ్మింది, మళ్లీ చెక్కు కట్టింది. ఎనిమిది నెలలు ఇదే వరస. “అలవాటైన చెవి, బెంగ పెట్టుకుంది” అని నవ్వేసేవారు.

ఈలోగా కూతురు పట్టుబట్టి అమ్మానాన్నలను పది రోజులు సముద్రం ఒడ్డుకు పంపింది. పని లేదు, పెన్సిలు లేదు, గాలి తగిలి చెవి అదే మానుతుందని ఆయన ధీమా. పొద్దున్నే ఇసుకలో కూర్చుంటే మళ్లీ భోజనానికే లేచేవారు. పక్కవాళ్లంతా గొడుగుల కింద దూరితే, “వీళ్లు సముద్రం చూడ్డానికొచ్చారా, గొడుగు గుడ్డ చూడ్డానికొచ్చారా?” అని భార్యను అడిగేవారు.

ఎనిమిదో రోజు ఉదయం ఆవిడ దిండు గలీబు తెచ్చి ఆయన ముందు పరిచింది. మీద నాలుగు నెత్తురు చుక్కలు.

“ఇదేంటండీ మేస్త్రీగారూ?”

“పెన్సిలు పుండే! నీకు తెలియనిదా?”

“పెన్సిలు ఇంట్లో ఉంది. పుండు ఇక్కడుంది. అంత దూరం నుంచి ఒరుసుకుంటోందా?”

ఆయన చెయ్యి పెన్సిలు కోసం ఎడమ చెవి మీద తడుముకుంది. పదకొండు వందల కప్పుల్లో ఎక్కడా ఎదురుకాని ఇబ్బంది అది.

“ఇంకో రెండు రోజులుందాం. ఆ తర్వాత నీ ఇష్టం.”

“గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటారా? లేవండి!” అప్పటికే ఆవిడ పెట్టె సర్దేసింది.

ఊరికి రాగానే చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె భూతద్దంతో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

“ఇది పెన్సిలు పని కాదు తాతగారూ. చర్మ క్యాన్సర్. ఏళ్ల తరబడి ఎండ తగిలిన చోట వచ్చేది. చిన్నగా ఉండగానే వచ్చారు. కోసి తీసేద్దాం.”

భార్య ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మేస్త్రీగారికి ఎండ చుట్టం చేసిన పని మింగుడుపడలేదు. డాక్టరమ్మ కాగితం మీద చెవి బొమ్మ గీసి, ఎంత మేర కొయ్యాలో చూపించేసరికి ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

“పుండు పెసరగింజంత. నువ్వేమో చిక్కుడుగింజంత గీశావు! బాగున్న చెవిని ఎందుకమ్మా కోస్తావు? నేనొప్పుకోను.”

“పైకి కనబడేది అంతే. కింద ఎంత పాకిందో తెలీదు. చుట్టూ కాస్త మంచి చర్మం కూడా తీస్తేనే మళ్లీ రాదని ధైర్యం.”

మేస్త్రీగారు ఆ బొమ్మను దగ్గరికి లాక్కుని చూశారు. ఈ గొడవ ఆయన వెయ్యిసార్లు పడిందే. కాకపోతే ఎప్పుడూ అవతలి వైపు నిలబడి. కారేది ఒక్క పెంకైతే పది పెంకులు ఊడదీస్తావేమయ్యా అని ప్రతి ఇంటివాడూ మీదికొచ్చేవాడు. నీళ్లు కారిన చోటే ఆగవు బాబూ, లోపల వాసం పుచ్చి ఉంటుంది, గట్టి కర్ర తగిలేదాకా విప్పాల్సిందేనని ఆయన గొంతు చించుకునేవారు. మాట వినక ఒక్క పెంకు మార్పించుకున్నవాడు మరుసటి వానకే పరుగెత్తుకొచ్చేవాడు.

“గట్టి కర్ర తగిలేదాకా తియ్యమ్మా,” అన్నారు మెల్లగా.

“ఏం కర్ర తాతగారూ?”

“చెవి సంగతేలే. నువ్వు పని తెలిసినదానివి. కానివ్వు.”

కోత అరగంటలో అయిపోయింది. తీసిన ముక్కను మళ్లీ పరీక్షకు పంపారు. ఫలితం రావడానికి పట్టిన పది రోజులూ ఆయన ఇంట్లో ఎవరితోనూ కప్పుల ఊసెత్తలేదంటే ఎంత బెంగపడ్డారో అర్థం చేసుకోవచ్చు. పదకొండో రోజు డాక్టరమ్మ కాగితం చదివి, అంచుల్లో ఏమీ మిగల్లేదని చెప్పింది. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోమంది, ఎండలోకి వెళ్లేముందు రాసుకోవడానికి క్రీము రాసిచ్చింది.

మర్నాడు మేస్త్రీగారు గడప దాటబోతూ ఆగి, వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చున్నారు. భార్య ఆయన ముఖానికీ చెవులకీ క్రీము పట్టించడం మొదలుపెట్టింది.

“గోడకు సున్నం కొడుతున్నట్టుంది,” అంది ఆవిడ.

“మాట్లాడకుండా కొట్టు. మెడ వెనకాల వదిలేశావు,” అన్నారు మేస్త్రీగారు.