స్మాల్ బ్లైండ్‌లో మా ఆంటీ

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా పై అంతస్తు ఆంటీ గుండె ఆగి చనిపోయారు. ఈ వారంలోనే మన ప్లేనో తెలుగు సంఘం కార్యదర్శి గారు ఒక ఈమెయిల్ పంపి ఆమెను ఇంకోసారి చంపారు. "నిత్యం పూజా పారాయణలతో కాలం గడిపిన మాతృమూర్తి" అని రాశారాయన. ఆమె గురించి నేను రాసిచ్చిన నాలుగు మాటలూ కొట్టేశారు. ఫోన్ చేసి నిలదీస్తే, "పేకాట సంగతి ఎందుకు బాబూ? పెద్దావిడ, ఆడమనిషి. ఫ్యామిలీ పరువు ఉంటుంది కదా" అన్నారు.

కార్యదర్శి గారూ, పేకాట ఆడినందుకు ఆమె పరువేమీ పోలేదు. ఆంటీ ఆన్‌లైన్ పోకర్ ఆడేవారు. ఉత్తుత్తి చిప్స్‌తో, పైసా పందెం లేకుండా, మా అందరికంటే బాగా ఆడేవారు. ఆ ముక్క తీసేస్తే మిగిలేది ఆమె కాదు, ఎవరో.

కరీంనగర్ టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఆపరేటర్‌గా రిటైరై, కూతురి దగ్గర కొన్నాళ్లు ఉందామని అమెరికా వచ్చారు ఆంటీ. ఆ కూతురు, మా అందరికీ అక్క, ఆఫీస్‌కి వెళ్లిపోతే, కారు లేనిదే కొత్తిమీర కట్ట కూడా దొరకని ఈ ఊళ్లో ఆమెకు మిగిలింది ఒక కిటికీ, ఒక లాప్‌టాప్. కింది ఫ్లాట్‌లో మాస్టర్స్ చదువుకుంటున్న నేనూ మా రూమ్మేటూ ఉంటాం. మొదటిసారి ఉప్మా గిన్నెతో మా ఇంటికి దిగి వచ్చినప్పుడు మావాడు పోకర్ ఆడుతున్నాడు. వాడి భుజం మీంచి స్క్రీన్‌లోకి తొంగిచూశారు.

"ఏందిరా, రెండే ముక్కలిచ్చిండు? తక్కిన పదకొండు ఏడ వోయినయ్?"

జీవితమంతా పదమూడు ముక్కల రమ్మీ ఆడిన మనిషి మరి. మేం పడీ పడీ నవ్వాం. కొన్నాళ్లకే మాకు నేర్పడం మొదలుపెట్టారు.

ఆడేటప్పుడు అక్క ఆఫీస్ హెడ్‌సెట్ ఒకటి తలకు తగిలించుకునేవారు. దాని వైరు దేనికీ తగిలించి ఉండేది కాదు. ఎందుకు ఆంటీ అంటే, "లేకుంటే చెవులు బోడిగ అనిపిస్తయిరా" అనేవారు.

ఆ ఆటలో ఒక చిక్కు సీటుంది. ముక్కలు చూడకముందే ఇద్దరు చిప్స్ వేసి తీరాలి. ఒకరు సగం, ఆ పక్కవారు పూర్తిగా. సగం వేసే సీటే స్మాల్ బ్లైండ్. మిగతా అందరూ ముక్కలు పారేస్తే, ఆ సీటులో ఉన్నవాడికి ఎదురు మిగిలేది పక్కవాడొక్కడే. అప్పుడు ఏ ముక్కలతో ఆటలోకి దిగాలి? ఎలాగూ సగం వేశాం కదా అని నేను ప్రతి చెత్త ముక్కకీ మిగతా సగం కలిపేవాణ్ని. ఆంటీ నా నెత్తిన మొట్టేవారు.

"ఏసింది ఇగ నీది గాదురా. అది నడిమిట్ల పడ్డది. నీ చేతిల ఏమున్నదో జూడు."

ఆసు ఉంటే చిప్స్ పెంచేవారు. జత ఏదైనా పెంచేవారు. ఒకే రంగులో ఏడూ ఎనిమిదీ పక్కపక్కన వచ్చినా పెంచేవారు. తొమ్మిదీ మూడూ వస్తే మొహం కూడా మారకుండా పారేసేవారు. సగం కలిపి ఊరుకోవడం మాత్రం ఆమె చేయగా నేను చూడలేదు. "పెంచు, లేకుంటే పారెయ్యి. ఒక్కడే ఉన్నడు గదా అని ఉరకకు. ఆడు ఆఖరి దాంక నీ తర్వాతనే మాట్లాడుతడు. నేను గన్ని ఏండ్లు లైన్లు కలిపిన, నాకెరుక. ముందుగాల మాట్లాడెటోడు అంత జెప్పేస్తడు."

నాకు కరపత్రాలూ చిన్న పుస్తకాలూ చదివే పిచ్చి. ఒకరోజు ఆవేశంగా అన్నాను: "ఇది దోపిడీ ఆట ఆంటీ. ముక్కలు చూపించకుండానే వసూలు చేస్తారు."

"ఎవల దగ్గరరా?"

"సీటులో కూర్చున్నవాడి దగ్గర."

"ఆ సీటు తిరుగుతది గదరా. ఇయ్యాల నువ్వు, రేపు నేను. అందరికి వంతు. నీ పుస్తకాలల్ల గిదే గాదా ఉన్నది, ఓ విప్లవం?"

మావాడు కుర్చీలోంచి కింద పడి నవ్వాడు.  

నాకు ఇష్టంలేని కోర్సులో చేరి, ఒక సెమిస్టర్ అయిపోయింది కదా అని పళ్లు బిగించి లాక్కొస్తున్న రోజులవి. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని అంతా చెప్పేశాను. ఆంటీ చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నారు. సలహా ఏమీ ఇవ్వలేదు. "నడిమిట్ల పడ్డది నీది గాదని ఎన్నిసార్లు జెప్పాల్రా నీకు?" అని మాత్రం అన్నారు. మర్నాడే వెళ్లి డిపార్ట్‌మెంట్ మారడానికి అడిగాను. మారాను. ఈరోజు నేను ఇష్టంగా చదువుతున్నానంటే ఆ చిక్కుడుకాయల సాయంత్రమే కారణం.

ఆదివారం మధ్యాహ్నాలు మేమిద్దరం, పైన ఆంటీ, ఊళ్లోని ఇంకో ముగ్గురు స్టూడెంట్లు కలిసి ఆరుగురం ఆన్‌లైన్‌లో ఒక టోర్నమెంట్ పెట్టుకునేవాళ్లం. ఆ రోజూ అంతే. అందరూ ముక్కలు పారేశారు. ఆట స్మాల్ బ్లైండ్‌లో ఉన్న ఆంటీ దగ్గరికి వచ్చి ఆగింది. ఎదురు నేనొక్కణ్నే. ఆమె పేరు కింద టైమ్ గీత తరిగిపోతోంది. "ఆంటీ, పప్పు మాడిందా?" అని టైప్ చేశాను. "ఆవిడ లీడ్‌లో ఉందిరా, స్టైల్ కొడుతోంది" అన్నాడు మావాడు. గీత అయిపోయింది. మిషనే ఆమె ముక్కలు పారేసింది.

అంతలో పైనుంచి అక్క కేక వినిపించింది. పచారీ షాప్ నుంచి అప్పుడే వచ్చిందట. పరుగెత్తాం. ఆంటీ కుర్చీలో వెనక్కి ఒరిగి ఉన్నారు, తలకు హెడ్‌సెట్‌తో. అంబులెన్స్‌లో అక్క ఎక్కింది. కార్ తాళాల కోసం మేం కిందికి వచ్చేసరికి మా స్క్రీన్ మీద ఆట ఇంకా నడుస్తోంది. బూడిద రంగుకి మారిన ఆంటీ పేరు, ఆ సీటు, అలాగే ఉన్నాయి. వంతు వచ్చినప్పుడల్లా మిషన్ ఆ సగం ఆమె చిప్స్‌లోంచి తీసి నడుమ పెడుతోంది. కాసేపు ఆగి ముక్కలు పారేస్తోంది. మళ్లీ పంచుతోంది. నేను తాళాలు పట్టుకుని నిలబడిపోయాను. మావాడు చెయ్యి పట్టి లాగేదాకా కదల్లేదు.

సంఘం ఈమెయిల్ చూశాక అక్క మా గుమ్మంలోకి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. "అమ్మ ఏమాడేదో నాకు తెల్వదా? ఆ లాప్‌టాప్ నేనే ఇచ్చిన. ఆఖరికి ఆమెను ఇంకెవరో లెక్క చేసేసిండ్రు. నువ్వు రాయి తమ్ముడూ, ఉన్నదున్నట్టు రాయి" అంది. అందుకే ఇది రాశాను. ఆంటీని తలుచుకోవడానికి మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ కూడా అక్కే బుక్ చేసింది.

రండి. ఆట తెలిసినవాళ్లూ, తెలియనివాళ్లూ రండి. కార్యదర్శి గారూ, మీరూ రండి. ఒక టేబుల్ చుట్టూ ఆరు కుర్చీలు వేస్తాం. అందులో ఒక కుర్చీలో ఆ హెడ్‌సెట్ ఉంటుంది. నిజం ముక్కలే పంచుతాం. వంతు ఆ కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఎవరూ తొందరపెట్టకండి. అక్కడ గడియారం ఉండదు. ఎంతసేపైనా ఆగుదాం.

ఈ శనివారం, సాయంత్రం నాలుగింటికి.