నెమలికంఠం రంగు కారు

మహబూబ్‌నగర్‌లో రాయచూరు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఆరేళ్లు బండ్ల ఒళ్లు రుద్దాను. లారీ అయినా, బస్సు అయినా, సర్కారు జీపు అయినా రంగు పడాలంటే ముందు నా చేతి కిందికి రావాలి. పాత రంగు గీకాలి. సొట్టల్లో లప్పం నింపాలి. నీళ్లు పోస్తూ రాయితో రుద్దాలి, తర్వాత గరుకు కాయితంతో రుద్దాలి. ఇదంతా అయ్యాక షెడ్డు నడిపే ఉస్తాద్ గాలి మిషను పెట్టి, గన్నుతో రంగు కొట్టేవాడు. జనం ఆ రంగునే మెచ్చుకునేవాళ్లు. కింద రుద్దినవాడు ఎవడని ఎవరూ అడగరు.

నాకు గన్ను కావాలి. గన్ను పట్టినవాడికి కూలి ఎక్కువ, అది నిజమే. కాని నా బాధ కూలి కాదు. ముప్పై దాటినవాణ్ని, రోజంతా తడి నేల మీద గొంతుక్కూర్చొని రుద్దితే సాయంత్రానికి నడుము లేచేది కాదు. ఇంకో ఆరేళ్లు ఇట్లాగే అంటే నావల్ల కాదనిపించింది. ఉస్తాద్‌కు చూపు తగ్గుతోంది. గన్ను ఎవరికో ఒకరికి ఇవ్వక తప్పదని ఆయనకూ తెలుసు. నీకే ఇస్తానని రెండేళ్ల నుంచి అంటూనే ఉన్నాడు.

అరవైలలో, పల్లీ పంట బాగా వచ్చిన ఒక ఏడు, నూనె మిల్లు సేటు ఒక కారు తెచ్చాడు. జాగీరు పోయిన ఒక నవాబు ఇంటివాళ్లు హైదరాబాదులో అమ్మితే కొన్నాడట. టాపు గుడ్డది. కూర్చునేది ఇద్దరే. నేలకు జానెడు ఎత్తున ఉంటుంది, బండ్ల బాట దాటితే అడుగు తగులుతుంది. వెనక ఒక పల్లీ బస్తా కూడా పట్టదు. అది పరుగుకు చేసిన కారని సేటే చెప్పాడు. మా జిల్లాలో అది ఎక్కడ పరుగెత్తుతుందో నాకు అర్థం కాలేదు.

సేటు జేబులోంచి చీర కొంగు ముక్క ఒకటి తీశాడు. ఆయన భార్యది, నారాయణపేట చీర.

"గీ రంగు గావాలె ఉస్తాద్. నెమలికంఠం. ఇటు చూస్తే పచ్చ, అటు చూస్తే నీలం."

"సేటు, అది నేసిన గుడ్డ. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. డబ్బాల గట్ల రాదు," అన్నాడు ఉస్తాద్.

"బొంబాయిల దొరుకుతదట. వెండి పొడి కలిపిన రంగు. ఎంతైన గానీ, తెప్పియ్యి."

తెప్పించాడు. రెండు డబ్బాలు. వాటి ఖర్చుతో మా నాయిన మందలో సగం గొర్రెలు కొనొచ్చు. మూత తీసి చూసినప్పుడు బాగానే ఉంది, అబద్ధం చెప్పను. చెరువు నీళ్ల మీద పొద్దు పడినట్టు మెరిసింది. కాని ఇనుముకు తుప్పు పట్టకుండా కాపాడేది దాని కింద కొట్టే ఎర్రమట్టి రంగు పొర. అది లారీకైనా, ఈ కారుకైనా ఒక్కటే. పైన పడేదానికే ఆ ధర.

వెండి పొడి రంగు కొట్టడం కష్టం. చెయ్యి ఒకచోట నిలిచిందా, అక్కడ మబ్బు కమ్మినట్టు మచ్చ పడుతుంది. ఉస్తాద్ గన్ను పట్టి, రేకు ముక్క మీద కొట్టి చూశాడు. కళ్లు చిట్లించాడు. గన్ను నా చేతిలో పెట్టాడు.

"నాకు పొడి కనిపిస్తలేదు. నువ్వు కొట్టు. సేటు శభాష్ అంటే గన్ను నీది. అనకుంటే మళ్ల రాయి నీది. సమజైందా?"

సమజైంది. మూడు రోజులు ఊపిరి బిగబట్టి కొట్టాను. సేటు వచ్చి, చుట్టూ రెండుసార్లు తిరిగి, తన మొహం అందులో చూసుకొని మీసం సవరించుకున్నాడు. "శభాష్," అన్నాడు. గన్ను నాది అయింది.

రంగు పైకి ఆరినట్టు కనిపిస్తుంది గాని లోపల నెల దాకా పచ్చిగానే ఉంటుంది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, చీటీ రాసి ఇవ్వలేను. సేటు డ్రైవరుకు నోటితోనే చెప్పాను, నెల రోజులు దీనికి నూనె గాని పసుపు గాని తగలనియ్యొద్దని. వాడు సరే సరే అంటూ బీడీ ముట్టించుకున్నాడు.

అయిదో రోజు కారు తిరిగి వచ్చింది. ముందు రేకు మీద, ఇంజను పైన, అయిదు వేళ్ల చెయ్యి అచ్చుపడి ఉంది. ఎర్రగా కాదు, కమిలిపోయిన ఒళ్లులాగా నల్లగా.

సంగతి ఏమిటంటే, ఆ మిల్లులోకి కొత్త వస్తువు ఏది వచ్చినా సేటు తల్లి తమ గానుగ నూనెలో కుంకుమ కలిపి, అరచెయ్యి ముంచి అద్దుతుంది. మిల్లు ఇంజనుకు అద్దింది, కాంటాకు అద్దింది, ఎడ్లబండి నొగకు అద్దింది. శుక్రవారం నాడు కారుకూ అద్దింది. మూడు రోజులయ్యాక తుడిస్తే కుంకుమ పోయింది, చెయ్యి పోలేదు.

"నీకు చెప్పలేదా?" అని డ్రైవరును పట్టుకున్నాను.

"అవ్వకు నేను చెప్పాల్నా? చెయ్యి పెట్టకు అని? నీకు బతుకు మీద ఆశ లేదేమో, నాకున్నది."

సేటు నా మొహం కూడా చూడలేదు. ఉస్తాద్‌తో అన్నాడు. "గంత పైస పెడితే అయిదు దినాలకే గిట్లనా? పోగొట్టుండ్రి. లేకుంటే ఇంకొకని జూసుకుంట."

ఉస్తాద్ నన్ను చూశాడు. "కొట్టింది నువ్వే, దిద్దేది నువ్వే. బేరం అదే."

బక్కెటలో నీళ్లు తెచ్చుకొని కూర్చున్నాను. అప్పుడే రిక్షాలోంచి ముసలామె, సేటు తల్లి, దిగింది. ఎవరూ పిలవలేదు. స్టూలు తానే లాక్కొని కారు ముందు కూర్చుంది.

"ఏంరా, నా చెయ్యి రుద్దుతవా?"

"సేటు చెప్పిండు అవ్వా."

"ఇంజను మీద ఇరవై ఏండ్ల సంది ఉన్నది నా చెయ్యి. అది నడుస్తలేదా? కాంటా తప్పు చూపిస్తాందా?"

"లేదవ్వా."

"మరి గీ కారేం కారు రా? చెయ్యి సోకితే చెడుతదా? ఎంత పెట్టిండు దీని రంగుకు?"

చెప్పాను. 

"గంత పెట్టినోడు ముట్టుకోకుండ దాసుకోవాలె గాని ఎక్కుడెందుకు?" అంది. నా వైపు తిరిగి, "నీకేమొస్తది, రుద్దితే?" అని అడిగింది.

"రుద్దితే గన్ను పట్టుకుంట. లేకుంటే మల్ల గీ రాయే."

ముసలామె నా తడి పంచెను, నేను కూర్చున్న తీరును చూసింది. "రుద్దు మరి. కూసొని చూస్తనా ఏంది?" అంటూనే అక్కడే కూర్చుంది.

రుద్దాను. మొదట బొటనవేలు పోయింది, తర్వాత చిటికెన వేలు. అరచెయ్యి నడుమ భాగం లోతుగా దిగింది, కింది పొర దాకా పోవాల్సి వచ్చింది. మా అమ్మ ఎదురుగా కూర్చున్నట్టే ఉంది నాకు. తల ఎత్తలేదు.

"పోయిందా?" అంది చివరికి.

"పోయింది అవ్వా."

లేచి, రిక్షా ఎక్కి వెళ్లిపోయింది.

మిగిలిన డబ్బాను కలిపి ఆ ఒక్క రేకుకు రంగు కొట్టాను. షెడ్డు నీడలో కలిసిపోయినట్టే ఉంది. మూడో రోజు ఎండలోకి తోసి చూస్తే తేడా బయటపడింది. ముందు రేకు ఒక రంగు, మిగతా కారు ఇంకొక రంగు. వెండి పొడి డబ్బా అడుగున కూర్చుంటుంది. రెండోసారి ఎంత కలిపినా మొదటిసారిలాగా పడదు. రేకు మీద నీలం ఎక్కువైంది. చూపు తగ్గిన ఉస్తాద్‌కు కూడా తెలిసింది.  గన్ను పోయిందనే అనుకున్నాను.

సేటు వచ్చాడు. నేరుగా ముందు రేకు దగ్గరికి పోయి, వంగి, చెయ్యి ఉన్న చోట చూపు పెట్టి ఇటూ అటూ చూశాడు. వేలితో తడిమాడు. "జర్ర కూడ కనిపిస్తలేదు. శభాష్!" అన్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, రెండు రంగుల కారు ఎక్కి పోయాడు.

దుమ్ము తగ్గాక ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "నెమలికంఠం అన్నడు. బొంబాయి నుంచి తెప్పిచ్చిండు. చెయ్యి పోయిందా లేదా, అదొక్కటే చూసిండు. రంగు చూసినోడు ఎవడురా?" అన్నాడు.

ఆ కారు రెండేళ్లు మిల్లు గేటు లోపల గుడ్డ కప్పుకొని ఉంది. తర్వాత అమ్మేశారు. కొన్నవాడు దానికి నల్లరంగు వేయించాడని విన్నాను.

గన్ను నా దగ్గరే ఉండిపోయింది. తర్వాత చాలామంది వచ్చి ఖరీదైన రంగు అడిగారు. మామూలుది వేయించుకోండి, బండికి ఏమీ తక్కువ కాదు అని ఒకటి రెండుసార్లు చెప్పాను. ఎవరూ వినలేదు. చెప్పడం మానేసి, అడిగిన రంగు కొట్టి పంపాను.