మా ఈశాన్యం, వాళ్ల వాయవ్యం

శృంగవరపుకోట ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుని వచ్చిన వారానికే మా పాప మళ్లీ విరేచనాలతో వాడిపోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. దిష్టి తీయడం అయింది, పాలు మాన్పించడం అయింది. నీళ్ల సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే మా అత్తకి పౌరుషం.

"మన నూతి నీల్లు కొబ్బరినీల్లే. ఇన్నేళ్లూ తాగినాం, మాకేటైనాది?" అనేది.

నీళ్లు తేటగానే ఉంటాయి, కాదనను. తేటగా ఉన్నవన్నీ మంచివైతే పిల్ల ఎందుకిలా అవుతుంది? ఆశా కార్యకర్తను అడిగి పరీక్ష సీసా తెచ్చాను. అందులో నూతి నీళ్లు పోసి మూతపెట్టి ఉంచితే, మలం కలిసిన నీళ్లు నల్లబడతాయట. మావి కాటుకలా నల్లబడ్డాయి. అత్త సీసాను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. వెళ్లి బిందెడు నీళ్లూ పారబోసింది. ఆ రోజు నుంచి కాచిన నీళ్లే తాగాం. కానీ పొయ్యి మీద నీళ్లు కాచుకుంటూ కూర్చుంటే నుయ్యి బాగుపడదుగా.

తప్పెక్కడుందో తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేకపోయింది. మా వీధిలో ఇళ్లన్నీ ఒకే వరస, గోడకు గోడ. వాస్తు తప్పిన ఇల్లు ఒక్కటి లేదు. అందరికీ పెరట్లో నుయ్యి ఈశాన్యంలో, మరుగుదొడ్డి గొయ్యి వాయవ్యంలో. అంటే మా నుయ్యి ఉన్న మూలకు ఆనుకునే తూర్పింటి వాళ్ల గొయ్యి. మధ్యనున్న గోడ మనుషులకే అడ్డం, భూమిలోకి ఇంకిపోయే నీటికి కాదు.

ఆ తూర్పిల్లు మా బావగారిది, మా ఆయనకు సొంత అన్న. తిన్నగా వెళ్లాను.

"మీ గొయ్యి మార్చాలి బావగారూ. మా పిల్ల మాకు దక్కేలా లేదు."

"వాయవ్యంలో కాక ఇంకెక్కడ పెట్టమంతావమ్మా?" అని నవ్వాడు. నేను గుమ్మం వదలకపోయేసరికి నవ్వు మానేశాడు. "గురివిందకి తన నలుపు తెలీదంట. మరి మీ గొయ్యెక్కడున్నాది? ఎల్లి సూసుకో."

రోషంగానే వెళ్లాను. పెరట్లో పడమటి గోడ మీంచి తొంగిచూశాను. ఇవతల మా గొయ్యి, అవతల పడమటింటి పిన్ని వాళ్ల నుయ్యి. పిన్ని అప్పుడే చేద పైకి లాగి చెంబు ముంచుకుంది.

"పాపకెలాగున్నాదే?" అంటూ చెంబు ఎత్తింది.

"తాగొద్దు పిన్నీ! పారబొయ్యి!" అని అరిచాను. "మా గొయ్యి నీరే నీ నూతిలోకొస్తన్నాది."

మర్నాడే మా ఇంటి ముందు, నూతులన్నిటికీ దూరంగా, కొత్త గొయ్యికి గునపం దిగింది. వాస్తు తప్పిందని నవ్వేవాళ్లని నవ్వనిమ్మంది మా అత్తే. పాత గొయ్యి ఖాళీ చేయించి, పూడ్చడానికి నేనూ తట్ట పట్టాను. ఆ మట్టి చేతులు కడుక్కోకుండానే మళ్లీ బావగారి గుమ్మం ఎక్కాను.

"మాది పూడ్చేశాం," అన్నాను. "ఇప్పుడు మీది."