రెడ్డెమ్మకు వినబడిన ఇంగ్లీషు

రెడ్డెమ్మ అనుమానంగా చూస్తే ఫ్రిజ్‌లో పాలు కూడా విరిగిపోతాయని కువైట్‌లోని ఖైతాన్ పేటలో చెప్పుకుంటారు. అబద్ధమైతే ఆ పాలనే అడగండి. రాయచోటి నుంచి కువైట్ వచ్చిన నాడు, విమానానికి చక్రాలున్నాయో లేదో వంగి చూసుకున్నాకే మెట్టెక్కిన మనిషి.

అలాంటి మనిషికి మామా, అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, మేడమీద అద్దెకున్న ఇంగ్లీషు దొర గదులు ఊడ్చే పని అప్పగించింది. దొర పేరు పెల్హామ్. కవి అట. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని ఒక మాట రాస్తాడు, మధ్యాహ్నానికి కొట్టేస్తాడు. సాయంత్రం మళ్లీ అదే మాట రాసి, యుద్ధం గెలిచినవాడిలా టీ తాగుతాడు.

“నేను మూడంతస్తులు తుడిచేలోపల ఆయప్ప ఒక మాట తుడుస్తాడు. దీనికెవడ్రా జీతమిచ్చేది? ఈయప్ప సి.ఐ.డి.” అంది డ్రైవర్ నాగేంద్రప్రసాద్‌తో.

“కవిత్వం రాస్తాండాడు చిన్నమ్మా.”

“రాసేవాడికి గొణుగుడెందుకు? గోడకు చెప్తాండాడా?”

కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా గడువు ఆ నెలతో తీరిపోతోంది. పని బాగుందని దొర చెబితేనే కొత్తది, లేదంటే ఊరికి టికెట్టే అంది మామా. అప్పటి నుంచి రెడ్డెమ్మ ఆయన గుమ్మం ముందు నేలను తుడిచి తుడిచి అద్దం చేసింది. అందులోంచి ఆయన్ను కాపలా కాసేది.

ఒకరోజు దొర ఫోనులో అంటున్నాడు: “రెడ్డెమ్... ఫినిష్డ్... సెండ్...” ఆమెకు తెలిసిన ఇంగ్లీషు ఆ చివరి రెండు మాటలే. మొదటిది సొంత పేరు.

చీపురుతోనే లోపలికి నడిచింది. “రెడ్డెమ్మ ఫినిష్? రెడ్డెమ్మ సెండ్?”

తన పని గురించి ఇన్నాళ్లకు ఒకరు అడిగారని దొర మురిసిపోయాడు. “యెస్, యెస్. ఫినిష్డ్. సెండ్ టుమారో.”

రెడ్డెమ్మ అక్కడే కూలబడి పెట్టిన కేకకు నాగేంద్రప్రసాద్ కారు కడిగే పైపుతో సహా మేడెక్కాడు. దొరను అడిగి, సంగతి విని, నవ్వాపుకోలేక గోడకు చేరబడ్డాడు.

“నీ పేరు కాదు చిన్నమ్మా. రెడ్ దెమ్ అంటే వాటిని చదివినానని. కొత్త పుస్తకం అచ్చుకు పంపే ముందర కవితలన్నీ చదివినాడంట.”

“చదివినాననేదానికి అంత భాషలో నా పేరే దొరికిందా?”

దొర ఆ రెండు మాటల్నీ ఆమె పేరు పక్కన పెట్టి, నోట్లో చప్పరించి చూసుకున్నాడు. వెంటనే పెన్ను తీశాడు.

“చూడు, మళ్లీ రాసుకుంటాండాడు” అంది రెడ్డెమ్మ.

సాయంత్రం మామా అడిగితే, బాగుందని అరబ్బీలో “జైన్, జైన్” అన్నాడు దొర. ఇఖామాకు మామా సరేనంది. మెట్లు దిగుతూ నాగేంద్రప్రసాద్ ఇంకేం భయమని అడిగాడు.

“ఒకసారి చెప్తే చాలదా? రెండుసార్లెందుకు అన్నాడంటావు?”