మస్తానమ్మత్త మాత్రలు

పక్కింట్లోంచి రంజాన్ గంజి వాసన, వేయించిన ఎర్రగడ్డలతో సహా, గుప్పున వస్తే అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కావలిలో మాది పరుపులు కుట్టే ఇల్లు. అరవైల్లో, రంజాన్ చలికాలంలో వచ్చే ఆ ఏళ్ళలో, దూది ఏకే విల్లు పొద్దస్తమానం టంగుటంగుమంటుంటే పీచు మా కనుబొమల మీదా, ఆరబోసిన సేమ్యాల మీదా వాలేది. దూది కుప్పల్లో దూకి తుమ్ముకుంటూ లేచే మమ్మల్ని నాన్న చెల్లెలు మస్తానమ్మత్త చెవులు పట్టి బయటికి లాగేది. పొద్దున ఆమెకున్న బలం ఇంట్లో ఎవరికీ లేదు. పొద్దువాలేసరికి రెప్పలు వాలిపోయేవి, మాట ముక్కులోంచి వచ్చేది, మెతుకు గొంతు దిగేది కాదు. పనెగ్గొట్టే వేషాలన్నారు వీధిలోవాళ్ళు. వాళ్ళ నోళ్ళు పడిపోను!

చివరికి నాన్న ఆమెను మద్రాసు తీసుకెళ్ళాడు, తోడుగా తొమ్మిదేళ్ళ నన్నూ. ఒంటిని కాపాడాల్సిన శక్తే కండల మీద తిరగబడే అరుదైన జబ్బన్నాడు డాక్టరు. దాన్ని అణచే మాత్రలిచ్చి, "ఒక్కసారిగా ఆపితే ఊపిరికే ముప్పు" అని, అత్త గది బయట ఉండగా, నా ముందే నాన్నకు రెండుసార్లు చెప్పాడు.

మాత్రలతో అత్త గొంతు తెరుచుకుంది. మొహం మాత్రం పూరీలా పొంగింది. రంజాన్ వచ్చింది. రోగికి ఉపవాసం అక్కర్లేదని మసీదు పెద్దాయనే చెప్పినా, "రోజా ఎగ్గొట్టి తిని ఊరింది" అన్న బజారు మాట నాన్నకు గుచ్చుకుంది. పరువట, పరువు! పగలు వేసుకోవాల్సిన మాత్రలు చూరులో దోపి, తెల్లారకముందు ఒక్కసారి మింగితే చాలని హకీం పొడి తెచ్చాడు.

"డాక్టరే మార్చమన్నాడులే," అన్నాడు.

అత్త నావైపు తిరిగింది. "నిజమేనా మే?"

నాన్న కళ్ళు చూసి తలూపాను.

ఆరో రోజు సాయంత్రం గంజి గిన్నె ముందు, "అన్నా, దిగడంలా," అన్నది. నాన్న చూరు తడిమి మాత్రలు తీసేలోగా అత్త ఊపిరి ఆగిపోయింది.

ఆ జబ్బే ఇప్పుడు నాకూ వచ్చింది. విల్లు లేదు, ఆ ఇంటి స్థానంలో ఫోం పరుపుల కొట్టుంది, నిలదీసి అరుద్దామంటే నాన్న కూడా లేడు. నిన్న మా డాక్టరమ్మ నా మందు మారుస్తూ, కొత్తది పనిచెయ్యడానికి నెలలు పడుతుందనీ, అందాకా పాతది కొంచెం కొంచెంగానే తగ్గించాలనీ, ఒక్కసారిగా ఆపొద్దనీ చెప్పింది.

"అర్థమైందామ్మా?"

తలూపబోయి ఆగాను. గది బయటివాళ్ళకు కూడా వినపడేట్టు అన్నాను: "ఒక్కసారిగా ఆపకూడదు."